రాష్ట్రపతి అంగరక్షక దళం: కంపెనీ కాలం నుంచి గణతంత్రం దాకా.. ఆ గుర్రాలపై కూర్చునే అర్హత ఎవరిది?

న్యూఢిల్లీ: ఏటా జనవరి 26న కర్తవ్య పథ్‌పై రాష్ట్రపతి రాకకు ముందు వినిపించేది గుర్రపు డెక్కల చప్పుడే. ఎర్రని పొడవాటి కోట్లు, బంగారు జరీ పట్టీలు, నీలం రంగు తలపాగాలు ధరించి, చేతుల్లో నిటారుగా నిలిపిన బల్లేలతో అశ్వికులు బారులు తీరి వస్తారు. వారి నడుమ దేశ ప్రథమ పౌరుడు లేదా ప్రథమ పౌరురాలు ప్రయాణించే వాహనం ఉంటుంది. టీవీ తెరలపై కోట్లాది మంది చూసే ఈ దృశ్యంలో కనిపించేది 'ప్రెసిడెంట్స్ బాడీగార్డ్'. సంక్షిప్తంగా పీబీజీ అని పిలిచే ఈ రాష్ట్రపతి అంగరక్షక దళం భారత సైన్యంలో అత్యంత సీనియర్ రెజిమెంట్‌గా గుర్తింపు పొందింది. 2023లో అది 250 ఏళ్లు పూర్తి చేసుకుంది.

ఈ దళం పుట్టింది గణతంత్రం కోసం కాదు. ఒక వ్యాపార సంస్థ నియమించిన పాలకుడిని కాపాడేందుకు పుట్టి, ఆపై వైస్రాయ్‌ల వైభవానికి చిహ్నమై, చివరకు ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధులు ఎన్నుకునే రాష్ట్రపతికి రక్షణగా నిలిచింది. ఈ ప్రయాణంలో దాని పేరు, ఆయుధాలు, నివాసం, అందులో చేరే వారి ప్రాంతం, కులం, మతం అన్నీ మారాయి. ఇందులో చివరి అంశమే నేటికీ న్యాయస్థానాల్లో, ప్రజల్లో చర్చకు తావిస్తోంది.

దళం చేసే పని ఏమిటి?

రాజ్యాంగంలోని 53వ అధికరణం ప్రకారం దేశ రక్షణ బలగాల సర్వోన్నత ఆధిపత్యం రాష్ట్రపతికి చెందుతుంది. సర్వసైన్యాధ్యక్ష హోదాలో ఉన్న రాష్ట్రపతికి సైన్యం తరఫున నిత్యం తోడుండే దళమే పీబీజీ. ఇది రాష్ట్రపతి భవన్ ప్రాంగణంలోనే ఉంటుంది. దీని బలం సుమారు 200 మంది. సంఖ్య రీత్యా సైన్యంలోని అతి చిన్న దళాల్లో ఇదొకటి.

కొత్త రాష్ట్రపతి ప్రమాణ స్వీకారానికి పార్లమెంటుకు వెళ్లేటప్పుడు, ఏటా బడ్జెట్ సమావేశాల ఆరంభంలో ఉభయ సభలను ఉద్దేశించి ప్రసంగించేందుకు బయలుదేరేటప్పుడు, విదేశీ అధినేతలకు రాష్ట్రపతి భవన్ ముంగిట స్వాగతం పలికేటప్పుడు, కొత్త రాయబారులు తమ నియామక పత్రాలను సమర్పించేటప్పుడు, జనవరి 29న బీటింగ్ రిట్రీట్ జరిగేటప్పుడు ఈ అశ్వికులే వెంట ఉంటారు. గణతంత్ర దినోత్సవాన జాతీయ గీతానికి ముందు 'రాష్ట్రీయ సెల్యూట్' ఆదేశం ఇచ్చేది కూడా ఈ దళాధిపతే. రాష్ట్రపతి భవన్‌లో శనివారాల్లో జరిగే రక్షకుల మార్పిడి కార్యక్రమంలోనూ ఈ దళం పాల్గొంటుంది. సాధారణ ప్రజలు ఆ దళాన్ని దగ్గరగా చూడగలిగేది అక్కడే.

అయితే రాష్ట్రపతి భద్రత మొత్తాన్ని ఈ దళమే చూస్తుందని భావించడం సరికాదు. ఆ బాధ్యతలో ఢిల్లీ పోలీసులకు, ఇతర సైనిక బలగాలకు కూడా పాత్ర ఉంది. ప్రధానమంత్రికి రక్షణ కల్పించే స్పెషల్ ప్రొటెక్షన్ గ్రూప్ (ఎస్పీజీ) వేరు. ఇందిరాగాంధీ హత్యానంతరం 1985లో ఏర్పాటైన ఆ సంస్థ 1988 నాటి చట్టం కింద పనిచేస్తోంది. రాష్ట్రపతి అంగరక్షక దళం సైన్యంలో అంతర్భాగం. దాని సంప్రదాయం ఎస్పీజీ కంటే రెండు శతాబ్దాలు పాతది.

కాశీలో మొదలైన కథ

1773లో బెంగాల్ గవర్నర్‌గా ఉన్న వారన్ హేస్టింగ్స్ బెనారస్‌లో ఈ దళాన్ని నెలకొల్పారు. అంతకు పదమూడేళ్ల ముందు, 1760లో స్థానిక సర్దారులు సమకూర్చిన 'మొఘల్ హార్స్' అనే అశ్విక బలగం నుంచి 50 మందిని ఏరి తీసుకున్నారు. అదే ఏడాది బెనారస్ రాజు చైత్‌సింగ్ మరో 50 మంది అశ్వికులను ఇచ్చారు. అలా వంద మందితో దళం సిద్ధమైంది. ఈస్టిండియా కంపెనీ సైన్యానికి చెందిన కెప్టెన్ స్వీనీ టూన్ తొలి దళాధిపతి. హేస్టింగ్స్ అప్పటికి ఇంకా గవర్నరే కాబట్టి దళాన్ని తొలుత 'గవర్నర్స్ ట్రూప్ ఆఫ్ మొఘల్స్' అన్నారు. 1774లో ఆయన గవర్నర్ జనరల్ అయ్యాక పేరు కూడా పదవికి తగినట్టు మారింది.

తొలి అశ్వికుల్లో సగం మందిని సమకూర్చిన చైత్‌సింగ్‌కు ఆ స్నేహం ఎక్కువ కాలం నిలవలేదు. అదనపు సొమ్ము కోసం ఒత్తిడి తెచ్చిన హేస్టింగ్స్ 1781 ఆగస్టులో స్వయంగా బెనారస్ వెళ్లి రాజును నిర్బంధించారు. ప్రజలు తిరగబడటంతో గవర్నర్ జనరలే చునార్ కోటకు తప్పించుకుపోవాల్సి వచ్చింది. చైత్‌సింగ్ రాజ్యం కోల్పోయారు. పాలకుడికి సొంత అంగరక్షకులు ఎందుకు అవసరమయ్యారో ఆ ఘటన చెబుతుంది. కంపెనీ అధికారం అప్పటికి ఒప్పందాల మీద, ఒత్తిళ్ల మీద నిలిచి ఉంది. నిన్నటి మిత్రుడు రేపటి శత్రువయ్యే రోజులవి.

పాలకుడి వెంట యుద్ధభూమికి

నాటి గవర్నర్ జనరళ్లలో పలువురు రాజధానిలో కూర్చుని యుద్ధాలు నడపలేదు. స్వయంగా సైన్యంతో కదిలారు. వారు ఎక్కడికి వెళితే అంగరక్షకులు అక్కడికి వెళ్లారు. మూడో మైసూరు యుద్ధంలో టిప్పు సుల్తాన్‌పై దండెత్తిన కార్న్‌వాలిస్ వెంట ఈ దళం ఉంది. 1811లో డచ్, ఫ్రెంచి అధీనంలో ఉన్న జావాపైకి లార్డ్ మింటో నౌకాదళంతో బయలుదేరినప్పుడు అశ్వికులు కూడా సముద్రం దాటారు. 1843 డిసెంబరులో గ్వాలియర్ సైన్యంతో మహారాజ్‌పూర్ వద్ద జరిగిన పోరును లార్డ్ ఎలెన్‌బరో యుద్ధభూమిలోనే ఉండి చూశారు. రెండేళ్ల తరువాత మొదలైన తొలి సిక్కు యుద్ధంలో గవర్నర్ జనరల్ హెన్రీ హార్డింజ్ స్వయంగా పాల్గొన్నారు.

జావా, ఆవా, మహారాజ్‌పూర్, ముద్కీ, ఫిరోజ్‌షా, అలీవాల్, సోబ్రావ్.. ఇవి ఈ దళానికి దక్కిన యుద్ధ గౌరవాలు. ఆవా అనేది 1824-26 నాటి తొలి బర్మా యుద్ధాన్ని సూచిస్తుంది. చివరి నాలుగూ పంజాబ్‌లో సిక్కు సేనలతో జరిగిన పోరాటాలకు సంబంధించినవి. ఏ సిక్కు యోధులతో తలపడి ఈ గౌరవాలు గెలుచుకుందో, అదే సమాజం నుంచి నాలుగు దశాబ్దాలు తిరగకముందే ఈ దళం సైనికులను చేర్చుకోవడం మొదలుపెట్టింది.

మారుతూ వచ్చిన కూర్పు

దళంలో ఎవరెవరు ఉండాలన్నది ఎన్నడూ స్థిరంగా లేదు. పుట్టిన నాడు అందులో అత్యధికులు అవధ్, బిహార్ ప్రాంతాల ముస్లింలు. క్రమంగా రాజపుత్రులు, బ్రాహ్మణులు కూడా చేరారు. 1800లో నియామకాలు ఉత్తరాది నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి మారాయి. ఆ తరువాత సుమారు ఆరు దశాబ్దాల పాటు గవర్నర్ జనరల్ అంగరక్షకులను మద్రాసు అశ్విక దళం నుంచే ఎంపిక చేశారు. నేటి కోస్తాంధ్రలో చాలా ప్రాంతం ఆనాటికే ఆ ప్రెసిడెన్సీలో భాగం. నిజాం కంపెనీకి అప్పగించిన రాయలసీమ జిల్లాలు అందులో చేరింది సరిగ్గా ఆ 1800 సంవత్సరంలోనే.

అంతకు ముందు నుంచే కంపెనీ సైన్యానికి దక్షిణాదితో గాఢమైన సంబంధం ఉంది. కంపెనీ పదాతి సిపాయిలను ఉత్తర భారతంలో 'తిలంగా' అని పిలిచేవారు. తొలినాళ్ల సిపాయిలు తెలుగు ప్రాంతాల నుంచి వెళ్లినవారు కావడంతో ఆ పేరు స్థిరపడింది. 1857 తిరుగుబాటు కాలం నాటి ఉర్దూ రాతల్లోనూ సిపాయిలను తిలంగాలుగానే ప్రస్తావించారు. ఒక ప్రాంతం పేరు సైనికుడికి పర్యాయపదం అయ్యేంతగా తెలుగువారి సైనిక సేవ నాడు ప్రసిద్ధం.

ఆ తిరుగుబాటు తరువాత పరిస్థితి తారుమారైంది. కొన్ని జాతులు మాత్రమే యుద్ధానికి పనికివస్తాయన్న 'యుద్ధ జాతుల' సిద్ధాంతాన్ని బ్రిటిష్ సైన్యాధికారులు ముందుకు తెచ్చారు. మద్రాసు సైన్యానికి, ఆపై భారత సైన్యానికి అధిపతిగా పనిచేసిన లార్డ్ రాబర్ట్స్ ఈ ఆలోచనకు ప్రధాన ప్రచారకుడు. దక్షిణాది సైనికులు ఉత్తరాది వారికి సాటిరారని ఆయన వాదించారు. ఫలితంగా సైన్యమంతటా నియామకాల కేంద్రం దక్షిణం నుంచి పంజాబ్ వైపు జరిగింది. దక్షిణాది దళాలు కుదించుకుపోయాయి.

అంగరక్షక దళంలోనూ అదే మార్పు ప్రతిఫలించింది. 1883లో సిక్కులను, 1887లో పంజాబీ ముస్లింలను తొలిసారి చేర్చుకున్నారు. 1895లో బ్రాహ్మణ, రాజపుత్ర నియామకాలు నిలిపివేశారు. ఆ తరువాత సగం మంది సిక్కులు, సగం మంది పంజాబీ ముస్లింలు అన్న లెక్క స్థిరపడింది. దేశ విభజన దాకా అదే కొనసాగింది.

విభజనతో ముస్లిం అశ్వికులు పాకిస్థాన్‌కు వెళ్లారు. ఖాళీ అయిన స్థానాల్లోకి రాజపుత్రులు తిరిగి వచ్చారు. అనంతరం జాట్‌లు కూడా చేరారు. ప్రస్తుతం జాట్, జాట్ సిక్కు, రాజపుత్ర వర్గాల నుంచి దాదాపు సమాన సంఖ్యలో అశ్వికులను తీసుకునే విధానం అమల్లో ఉంది. వీరిలో అత్యధికులు హర్యానా, పంజాబ్, రాజస్థాన్‌లకు చెందినవారు. అధికారుల నియామకానికి ఈ పరిమితి వర్తించదు.

దళం పంపకం.. నాణెం ఎగరేసి బగ్గీ

1947లో దేశంతో పాటు దళాన్ని కూడా పంచారు. సిబ్బంది, గుర్రాలు, సామగ్రి భారత్‌కు రెండు వంతులు, పాకిస్థాన్‌కు ఒక వంతు లెక్కన విడిపోయాయి. అన్నీ పంచవచ్చు గానీ, వైస్రాయ్ ప్రయాణించే బంగారు పూత బగ్గీని రెండుగా కోయలేరు. నాడు దళంలో ఉన్న ఇద్దరు అధికారులు ఠాకూర్ గోవింద్ సింగ్, సాహబ్‌జాదా యాకూబ్ ఖాన్ నాణెం ఎగరేశారని, అదృష్టం భారత్ పక్షాన నిలిచిందని బహుళ ప్రచారంలో ఉన్న కథనం చెబుతోంది. పాకిస్థాన్ ఎంచుకున్న యాకూబ్ ఖాన్ అక్కడి గవర్నర్ జనరల్ మహమ్మద్ అలీ జిన్నా అంగరక్షక దళానికి నాయకత్వం వహించారు. తరువాతి కాలంలో ఆ దేశ విదేశాంగ మంత్రిగా పేరొందారు. ఒకే గుర్రపు సాలలో పక్కపక్కనే నిలిచిన అశ్వికులు అలా రెండు దేశాల అధినేతలకు రక్షకులయ్యారు.

భారత్‌లో మిగిలిన వారికి పని ఆ వారాల్లోనే ఎదురైంది. విభజన అల్లర్లతో అట్టుడికిన ఢిల్లీలో శాంతిభద్రతల పరిరక్షణకు దళం తన కవచ వాహనాలతో వీధుల్లోకి వచ్చింది. 1950 జనవరి 26న గణతంత్రం అవతరించిన రోజున దళం పేరు 'ప్రెసిడెంట్స్ బాడీగార్డ్'గా మారింది. బాబూ రాజేంద్రప్రసాద్ ఆ మధ్యాహ్నం అదే తరహా గుర్రపు బగ్గీలో ఇర్విన్ స్టేడియానికి వెళ్లారు. నిన్నటిదాకా వైస్రాయ్‌కు వందనం చేసిన బల్లేలు ఆ రోజు స్వాతంత్ర్య సమరయోధుడికి వందనం చేశాయి.

1984 తరువాత భద్రతా కారణాలతో బగ్గీ స్థానంలో కారు వచ్చింది. 2014లో ప్రణబ్ ముఖర్జీ బీటింగ్ రిట్రీట్‌కు బగ్గీలో వెళ్లి ఆ సంప్రదాయాన్ని కొంత పునరుద్ధరించారు. గణతంత్ర దినోత్సవ కవాతుకు మాత్రం అది నలభై ఏళ్ల విరామం తరువాత 2024లో తిరిగి వచ్చింది. ఆ రోజు రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము, ముఖ్య అతిథి అయిన ఫ్రాన్స్ అధ్యక్షుడు ఎమాన్యుయెల్ మాక్రాన్ కలిసి అందులో కర్తవ్య పథ్‌కు చేరుకున్నారు.

వెండి బాకా విశిష్టత

సైన్యంలో మరే దళానికీ లేని ఒక గౌరవం పీబీజీకి ఉంది. రాష్ట్రపతి స్వయంగా బహూకరించే వెండి బాకా, దానికి వేలాడే పతాకం ధరించే హక్కు ఈ దళానికి మాత్రమే సొంతం. 1923లో దళం 150 ఏళ్ల సేవ పూర్తి చేసుకున్నప్పుడు నాటి వైస్రాయ్ లార్డ్ రీడింగ్ తొలిసారి ఈ గౌరవం కల్పించారు. ఆ తరువాత వచ్చిన ప్రతి వైస్రాయ్ తన చిహ్నంతో కూడిన పతాకాన్ని బహూకరించడం ఆనవాయితీ అయింది.

స్వాతంత్ర్యానంతరం వంశ చిహ్నాల స్థానంలో రాష్ట్రపతి పేరులోని అక్షరాల ముద్ర చేరింది. 1957 మే 14న రాజేంద్రప్రసాద్ తొలిసారి ఈ బహూకరణ చేశారు. ద్రౌపదీ ముర్ము 2022 అక్టోబరు 27న తన పతాకాన్ని దళానికి అందజేశారు. వలస పాలకుల ఆనవాయితీని పూర్తిగా తొలగించకుండా, అందులోని చిహ్నాన్ని మార్చి గణతంత్రం తనదిగా చేసుకున్న తీరుకు ఇది చక్కని ఉదాహరణ.

అలంకారం ఒక్కటే కాదు

బంగారు జరీ, బల్లేలు చూసి ఈ దళం కేవలం ఉత్సవ మూర్తి అనుకునేవారు ఎక్కువ. వాస్తవానికి ఈ అశ్వికులు విమానం నుంచి దూకే పారాట్రూపర్లు కూడా. దీనికి మూలం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఉంది. 1944లో దళాన్ని 44వ వైమానిక డివిజన్‌కు నిఘా విభాగంగా మార్చారు. యుద్ధం ముగిశాక పాత పేరు, పాత బాధ్యత తిరిగి వచ్చినా పారాచూట్ శిక్షణ స్థిరపడింది. శత్రు భూభాగంలో ప్రధాన పారాట్రూపర్ బలగం దిగడానికి ముందే దిగి, దారి చూపి, స్థలాన్ని గుర్తించే 'పాత్‌ఫైండర్' పాత్రకు కూడా ఈ దళం శిక్షణ పొందుతుంది.

1962 చైనా యుద్ధ సమయంలో లద్దాఖ్‌లోని చుషూల్‌కు, 1965లో పశ్చిమ సరిహద్దుకు ఈ దళ సభ్యులు వెళ్లారు. 1988-89లో శ్రీలంకలో భారత శాంతి పరిరక్షక దళంతో కలిసి పనిచేశారు. సియాచిన్ మంచు శిఖరాలపై విధులు నిర్వర్తించారు. సోమాలియా, అంగోలా, సియెర్రా లియోన్‌లలో ఐక్యరాజ్య సమితి శాంతి పరిరక్షణ కార్యక్రమాల్లోనూ పాల్గొన్నారు. అంటే ఒకే సైనికుడు ఢిల్లీలో ఉత్సవ దుస్తులతో గుర్రంపై, హిమానీ నదంపై మంచు దుస్తులతో, అవసరమైతే పారాచూట్‌తోనూ సిద్ధంగా ఉండాలి.

ఈ మార్పు వెనుక ఒక ఆచరణాత్మక కారణం ఉంది. బాంబులు, తుపాకుల యుగంలో గుర్రం రక్షణ కవచం కాలేదు. 1912 డిసెంబరు 23న కొత్త రాజధాని ఢిల్లీలోకి ఏనుగుపై అట్టహాసంగా ప్రవేశించిన వైస్రాయ్ హార్డింజ్‌పై చాందినీ చౌక్‌లో బాంబు పడింది. సైనిక పరివారమంతా చుట్టూ ఉన్నా ఆయన తీవ్రంగా గాయపడ్డారు. రాచఠీవి వేరు, రక్షణ వేరు అని ఆ రోజే తేలిపోయింది. ఆ తరువాతి కాలంలో అశ్వం చిహ్నంగా మిగిలింది. రక్షణ బాధ్యత కవచ వాహనాలకు, ఆధునిక ఆయుధాలకు మారింది.

గుర్రాలకూ ప్రత్యేక స్థానం

దళంలో సాధారణంగా వాడేది గోధుమ ఎరుపు వన్నె గుర్రాలు. బాకా ఊదేవారికి మాత్రం బూడిద తెలుపు గుర్రాలు కేటాయిస్తారు. గుంపులో సంకేతం ఇచ్చే వ్యక్తి దూరం నుంచే గుర్తుపట్టేలా ఉండాలన్న పాత అశ్విక దళ పద్ధతి ఇది. సైన్యంలోని మిగతా గుర్రాల జూలు కత్తిరిస్తారు. పీబీజీ గుర్రాలకు మాత్రం నిండు జూలు ఉంచే ప్రత్యేకత ఉంది.

వీటిలో దేశమంతటికీ పరిచయమైన పేరు 'విరాట్'. హానోవేరియన్ జాతికి చెందిన ఈ అశ్వం ఉత్తరాఖండ్‌లోని హేంపూర్ సైనిక అశ్వ శిక్షణ కేంద్రం నుంచి 2003లో దళంలో చేరింది. దళాధిపతి అశ్వంగా 13 గణతంత్ర దినోత్సవ కవాతుల్లో పాల్గొంది. 2022 జనవరిలో సైన్యాధిపతి ప్రశంసా పత్రం పొందింది. అదే నెల 26న కవాతు ముగిశాక పదవీ విరమణ చేసింది. నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్, ప్రధాని నరేంద్ర మోదీ దాని మెడ నిమిరి వీడ్కోలు పలికారు.

న్యాయస్థానాల ముందుకు వచ్చిన ప్రశ్న

దళంలో నియామకం మూడు వర్గాలకే పరిమితం కావడంపై ఎప్పటి నుంచో విమర్శలు ఉన్నాయి. రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాల్లో మతం, జాతి, కులం, లింగం, వంశం, జన్మస్థలం ఆధారంగా వివక్ష చూపరాదని చెబుతోంది. రాజ్యాంగ పరిరక్షణకు ప్రమాణం చేసే రాష్ట్రపతి అంగరక్షకులకే ఆ సూత్రం ఎందుకు వర్తించదన్నది పిటిషనర్ల ప్రశ్న.

సుప్రీంకోర్టులో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై 2013లో సైన్యం తన వాదన వినిపించింది. నియామకాలు ఈ మూడు వర్గాల నుంచే జరుగుతున్నాయని అంగీకరించింది. అయితే ఇది కులమత వివక్ష కాదని, ఉత్సవ విధుల్లో సైనికులు ఒకే ఎత్తు, ఒకే దేహ దారుఢ్యం, ఒకే రూపం కలిగి ఉండాల్సిన అవసరం వల్ల అనుసరిస్తున్న పద్ధతి అని వివరించింది.

2017 సెప్టెంబరులో జరిగిన ఒక నియామక కార్యక్రమానికి జాట్, జాట్ సిక్కు, రాజపుత్రులను మాత్రమే ఆహ్వానించడాన్ని సవాలు చేస్తూ హర్యానాకు చెందిన ఒక యువకుడు ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించారు. కులం తప్ప మిగిలిన అర్హతలన్నీ తనకు ఉన్నాయన్నది ఆయన వాదన. 2018 డిసెంబరులో న్యాయస్థానం రక్షణ శాఖకు, దళాధిపతికి, సైనిక నియామకాల విభాగానికి నోటీసులు జారీ చేసింది.

ఈ వివాదంలో రెండు పక్షాల వాదనలకూ బలం ఉంది. సైన్యంలో వర్గ ప్రాతిపదికన ఏర్పడిన దళాలు పీబీజీ ఒక్కటే కాదు. సిక్కు, జాట్, రాజపుత్ర, డోగ్రా, మహర్, గూర్ఖా రెజిమెంట్లు ఉన్నాయి. ఒకే భాష, ఒకే ఆచారం ఉన్నవారు కలిసి పోరాడితే ఐక్యత బలంగా ఉంటుందన్నది సైనిక వర్గాల్లో పాతుకుపోయిన అభిప్రాయం. సాయుధ బలగాలకు ప్రాథమిక హక్కుల వర్తింపును పార్లమెంటు చట్టం ద్వారా పరిమితం చేయవచ్చని 33వ అధికరణం కూడా చెబుతోంది.

మరోవైపు, స్వతంత్ర భారత సైన్యం వేరే దారిని కూడా చాలా కాలం క్రితమే చూపింది. 1949లో జనరల్ కె.ఎం. కరియప్ప హయాంలో ఏర్పడిన బ్రిగేడ్ ఆఫ్ ది గార్డ్స్‌లో అన్ని ప్రాంతాల, అన్ని వర్గాల వారికీ చోటు కల్పించారు. ఆ మిశ్రమ దళం యుద్ధాల్లో తన సత్తా చాటింది. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో కూడా నియామకాలు అఖిల భారత, సర్వ వర్గ ప్రాతిపదికన ఉంటాయని ప్రభుత్వం పేర్కొంది. ఎత్తు, దేహ దారుఢ్యమే ప్రమాణమైతే వాటిని అంగుళాల్లో, కిలోల్లో కొలవవచ్చు. ప్రస్తుతం దళంలో చేరడానికి ఆరడుగుల ఎత్తు ఉండాలన్నది నిబంధన. ఆ ఎత్తు ఉన్న యువకులు తూర్పున మణిపుర్‌లోనైనా, దక్షిణాన శ్రీకాకుళంలోనైనా, ఆదిలాబాద్‌లోనైనా దొరుకుతారన్నది విమర్శకుల మాట.

ఇతర దేశాల్లో ఎలా?

దేశాధినేతకు సైనిక అశ్విక రక్షణ కల్పించడం భారత్‌కు మాత్రమే ప్రత్యేకం కాదు. బ్రిటన్‌లో రాజుకు 'హౌస్‌హోల్డ్ కావల్రీ' ఉంది. ఫ్రాన్స్‌లో అధ్యక్షుడికి జెండార్మరీలో భాగమైన 'రిపబ్లికన్ గార్డ్' సేవలందిస్తుంది. భారత్‌తో పోల్చదగినది ఇటలీ ఉదంతం. అక్కడి 'కొరాజియేరి' దళం ఒకప్పుడు రాజుల అంగరక్షకులు. 1946లో ఇటలీ ప్రజలు ఓటు వేసి రాచరికాన్ని తొలగించాక అదే దళం కాలక్రమంలో దేశాధ్యక్షుడికి రక్షణగా మారింది. అందులో చేరేందుకు సుమారు 190 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. రాజుల నాటి ఆడంబరాన్ని ప్రజాప్రభుత్వాలు నిలుపుకోవడం, దానికి కొత్త అర్థం ఇవ్వడం పలు దేశాల్లో కనిపించేదే.

మారిన రాష్ట్రపతులు, మారని నియమం

గణతంత్రం ఏర్పడిన నాటి నుంచి రాష్ట్రపతి పదవిని బిహార్, తమిళనాడు, కేరళ, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్, ఒడిశా వంటి రాష్ట్రాలకు చెందినవారు అధిష్ఠించారు. తెలుగు కుటుంబాల్లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్, వరాహగిరి వెంకటగిరి, నీలం సంజీవరెడ్డి ఈ అశ్వికుల వందనం స్వీకరించారు. జాకిర్ హుస్సేన్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్, అబ్దుల్ కలాం ముస్లిం సమాజానికి చెందినవారు. కె.ఆర్. నారాయణన్, రామ్‌నాథ్ కోవింద్ దళిత సమాజం నుంచి వచ్చారు. ప్రతిభా పాటిల్ తొలి మహిళా రాష్ట్రపతి కాగా, ద్రౌపదీ ముర్ము ఆ పదవి చేపట్టిన తొలి ఆదివాసీ. బగ్గీలో కూర్చునే అర్హత ప్రతి పౌరుడికీ ఉందని ఈ జాబితా చాటుతోంది. ఆ బగ్గీ పక్కన గుర్రంపై కూర్చునే అర్హత మాత్రం ఇంకా మూడు వర్గాల వద్దే నిలిచి ఉంది.

250 ఏళ్ల చరిత్ర గమనిస్తే ఈ దళంలో సంప్రదాయం అన్న మాటకు స్థిరమైన అర్థం లేదని తెలుస్తుంది. అవధ్ ముస్లింలు, మద్రాసు అశ్వికులు, సిక్కులు, పంజాబీ ముస్లింలు, రాజపుత్రులు, జాట్‌లు.. ఒక్కో కాలంలో పాలకుడి అవసరం, నమ్మకం, భయం ఆ కూర్పును నిర్ణయించాయి. ప్రతి మార్పు తరువాతా దళం చెక్కుచెదరలేదు. గుర్రాల నడక తప్పలేదు. ఇప్పుడు పాలకుడి స్థానంలో రాజ్యాంగం ఉంది. తదుపరి మార్పు వస్తుందా, వస్తే అది న్యాయస్థానం ఆదేశంతో వస్తుందా, సైన్యం స్వయంగా తీసుకునే నిర్ణయంతో వస్తుందా అన్నది వేచి చూడాల్సిందే.